కుడివైపు కింది మూల

సోమవారం మధ్యాహ్నానికి ఆ సాఫ్ట్‌వేరు పదకొండోసారి చచ్చింది. చావడంలో దానికో పద్ధతుంది. ఏడో పాఠం, నాలుగో నిమిషం. లెక్కల మాస్టారు బోర్డు మీద త్రిభుజం గీయడానికి సుద్దముక్క ఎత్తుతాడు. తెరకు కుడివైపు కింది మూలలో, అగ్గిపెట్టెంత డబ్బాలో, చేతుల టీచరు అదే త్రిభుజం కోసం రెండు చూపుడువేళ్లూ దగ్గరకు తెస్తుంది. సరిగ్గా అక్కడ ఇద్దరూ కొయ్యబారిపోతారు. వాళ్ల మధ్యకు బూడిదరంగు పలక ఒకటి, భోజనాల వేళకు వచ్చిన చుట్టంలా, ఏ తొందరా లేకుండా వచ్చి నిలబడుతుంది. ‘మెమరీ చాలడం లేదు.’ దాని కింద ఒకే ఒక్క బొత్తం: ‘సరే’.

ఆమె ‘సరే’ నొక్కింది. కాదనడానికి ఇంకో బొత్తం ఉంటే కదా.

ఆఫీసులో ఆమెను కోతలమ్మ అంటారు. బడిపిల్లల పాఠాల వీడియోలు కోసి అతికించడం ఆమె పని. మామూలు అర్థంలో కోతలు కోయడం ఆమెకు చేతకాదు. చేతనై ఉంటే ఈపాటికి పెద్దమేడం కుర్చీలో ఉండేది. మూడో అంతస్తులో చివరి గది ఆమెది. రెండు నల్ల తెరలు, ఒక ఫ్యాను, ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు. తలుపు మీద, కాఫీ కప్పుల మీద, మెడలో వేలాడే కార్డుల మీద, ఆఖరికి చెత్తబుట్ట మీద కూడా సంస్థ గుర్తు ఉంటుంది: తెరిచిన పుస్తకాన్ని పట్టుకున్న రెండు చేతులు.

రెండో కుర్చీ చేతుల టీచరుది. ఆవిడకు వినపడదు. ఎదుటివాళ్ల పెదవులు చదువుతుంది, ఫోన్లో టైపు చేసి చూపిస్తుంది, మిగతా సంభాషణంతా చేతులతోనే. మాస్టారు నోటితో చెప్పిన పాఠాన్ని ఆవిడ చేతులతో చెబుతుంది. దాన్ని విడిగా తీసి, మాస్టారి వీడియో మీద మూలన అతికించాలి. అలాంటివి పద్దెనిమిది పాఠాలు. ఆ మూల కోసం మాస్టారు ఎంత కష్టపడ్డాడో కోతలమ్మకు తెలుసు. బోర్డు మీద కుడివైపు ఎర్ర టేపు అంటించి, “ఈ గీత దాటారంటే మీ లెక్కలు టీచరుగారి నెత్తిన పడతాయి మాస్టారూ” అని కెమెరామన్ చెప్పాడు. ముప్పై ఏళ్లు బోర్డు నిండా రాసిన చెయ్యి. పాపం, గీత దగ్గరకు రాగానే ఆయన మోచెయ్యి వేడి గిన్నె తగిలినట్టు వెనక్కి వచ్చేది. పద్దెనిమిది పాఠాల్లోనూ ఆ మూలను ఎవరూ ముట్టుకోలేదు.

మొదటి ఆరు పాఠాలూ ఏ గొడవా లేకుండా అయిపోయాయి. ఆ తరవాత పైనుంచి భద్రత ఉత్తర్వు వచ్చింది. ఎవరి కంప్యూటర్లో వాళ్లు చేయగలిగిన పనులు సగం ఆగిపోయాయి. సెట్టింగులు మార్చడానికి లేదు, కొత్త సాఫ్ట్‌వేరు వేసుకోవడానికి లేదు, పెన్‌డ్రైవ్ పెడితే అది అసలు అక్కడ లేనట్టే చూస్తుంది. వీడియోలు కోసే సాఫ్ట్‌వేరును మళ్లీ వేశారు, దాని మెమరీ లెక్క కొత్తగా వచ్చింది. కోతలమ్మ ఆ పేజీ తెరిచి రోజుకోసారి చూసుకుంటుంది. ‘మొత్తం పదహారు. ఇతర ప్రోగ్రాములకు వదిలినది పదమూడు. ఈ ప్రోగ్రాముకు మూడు.’ పదమూడును తగ్గించడానికి పక్కనే చిన్న బాణం గుర్తు కూడా ఉంది. కాకపోతే బూడిదరంగులో. ఎన్నిసార్లు నొక్కినా కదలదు.

మూడుతో ఒక వీడియో నడుస్తుంది. రెండోది దాని మీద పెడితే చస్తుంది. డబ్బా చిన్నది చేసి చూసింది. పాఠాన్ని రెండేసి నిమిషాల ముక్కలు చేసి చూసింది. ముక్కలు బతికాయి, అతికించేటప్పుడు చచ్చాయి. పన్నెండు పాఠాలు మిగిలాయి. శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా పద్దెనిమిదీ సర్వరులో ఉండాలి. నాలుగు దాటితే పరీక్షలు అయ్యేదాకా సర్వరు తలుపు మూసేస్తారు.

చేతుల టీచరు ఫోను ఆమె ముందుకు జరిపింది. పదో తరగతి చదివే ఒక పిల్ల, ఎవరింటి మెట్ల మీదో కూర్చుని, చేతులతో ఏదో అడుగుతోంది. రెండు చూపుడువేళ్లూ కలిపి గాలిలో త్రిభుజం గీసి, అరచేతులు వెల్లకిలా తిప్పింది.

‘త్రిభుజం ఎప్పుడొస్తుందని అడుగుతోంది’ అని టీచరు టైపు చేసింది. ‘మా బడిలో వినపడని పిల్లలు పదకొండు మందీ ఇళ్లకు వెళ్లిపోయారు. బడికి సెలవులిచ్చేశారు. వాళ్ల ఊళ్లు తిరగాలంటే నాకు రెక్కలు కావాలి. ఉన్నవి చేతులే.’

“శుక్రవారం అని చెప్పండి” అంది కోతలమ్మ, పెదవులు స్పష్టంగా కదుపుతూ.

టీచరు ఆమెను ఒక క్షణం చూసి, కంప్యూటరును చూసి, తరవాత పిల్లకు ‘శుక్రవారం’ అని చేత్తో చెప్పి పంపింది.

తాళాల బాబాయి మూడింటికి వచ్చాడు. ఆ భవనంలో ఉన్న రెండొందల కంప్యూటర్లకూ పెద్ద పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉంటుంది, స్టోరుగది తాళాలు కూడా నడుముకే వేలాడతాయి. అందుకా పేరు. ఏడాదిలో రిటైరవుతాడు. కోతలమ్మ ఇదే విషయం మీద ఇప్పటికి మూడు ఫిర్యాదులు పెట్టింది. ముందు రెండుసార్లూ ఆయన వచ్చాడు, రెండుసార్లూ బాగుచేశాడు, రెండుసార్లూ ‘సమస్య పరిష్కరించబడింది’ అని ఆమెకు ఉత్తరం వచ్చింది.

“ఏమ్మాయ్, మళ్లీ ఏమైంది? మొన్నేగా చేసిపెట్టాను.”

“మీరు చేసిపెట్టారు బాబాయిగారూ. అది చెయ్యనంటోంది.”

“జరుగు, జరుగు.”

ఆయన కూర్చుని, ఆమె అకౌంటు మూసి, తన అకౌంటుతో లోపలికి వెళ్లాడు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఎడమచేత్తో కుడిచేతిని కప్పుకుంటాడు, గాలికి దీపం ఆరిపోకుండా పట్టుకున్నట్టు. సెట్టింగుల పేజీ తెరిచాడు. ఆయన దగ్గర బాణం గుర్తు నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. పదమూడును నాలుగు చేశాడు. “చూడు, నీకిప్పుడు పన్నెండు.” ఏడో పాఠం తెరిచాడు. మాస్టారు సుద్దముక్క ఎత్తాడు, గీశాడు. మూలలో టీచరు వేళ్లు దగ్గరకొచ్చాయి, విడిపోయాయి, కలిశాయి. త్రిభుజం నిలబడింది. తరవాతి కోణం కూడా వచ్చింది.

“పరుగెడుతోంది చూశావా! గుర్రం.”

“పరుగెడుతోంది” అని ఒప్పుకుంది.

ఆయన తన అకౌంటు మూసేసి, తాళాల గుత్తి సర్దుకుని వెళ్లిపోయాడు. ఆమె తన అకౌంటులోకి వెళ్లి ఏడో పాఠం తెరిచింది. నాలుగో నిమిషంలో చుట్టం వచ్చాడు. ‘సరే.’

సాయంత్రం ఇంట్లో అత్తగారు కూర గిన్నె ముందు పెట్టుకుని, ఆమె చెప్పిందంతా విన్నారు. ఆవిడకు కంప్యూటరు అంటే కొడుకు రోజంతా తిట్టుకునే వస్తువు అని తెలుసు, అంతే.

“పదహారు ఉంటే పదమూడు ఎవరికే?”

“ఇతరులకట.”

“ఎవరా ఇతరులు?”

“హాజరు తీసుకునేది ఒకటి. వైరస్ పట్టేది ఒకటి. గడియారం చూపించేది ఒకటి.”

“తింటున్నారా వాళ్లు?”

“లేదత్తయ్యా. వస్తే ఉండాలని పక్కన పెట్టారు.”

అత్తగారు గరిటె ఆపారు. “మా అత్తగారూ ఇలాగే. ఎవరొస్తారో అని గిన్నెడు పక్కన పెట్టించేది. ఎవరూ వచ్చేవాళ్లు కాదు. మర్నాడు పారబోసేవాళ్లం. నాకు మాత్రం అడుగున గీకినదే.” కోడలి కంచంలో ఇంకో గరిటె వేశారు. “నువ్వు తిను. ఎవరొచ్చినా రాకపోయినా.”

“ఈ కథ ప్రతిసారీ గిన్నె సైజు పెరుగుతోందమ్మా” అన్నాడు భర్త, టీవీ వైపు నుంచి తల తిప్పకుండా. కోతలమ్మ నవ్వలేదు. గరిటె, కంచం, గిన్నె. ఎవరి కంచంలో వడ్డిస్తున్నాడో తాళాల బాబాయి చూస్తున్నాడా?

*

మంగళవారం పొద్దున్నే నాలుగో ఫిర్యాదు పెట్టింది. తాళాల బాబాయి ఈసారి మొహం కాస్త ముడుచుకుని వచ్చాడు.

“చూడమ్మాయ్, నా దగ్గర బ్రహ్మాండంగా ఉంటోంది. నీ దగ్గరే ఏదో…”

“ఏదో అంటే నా చేతివాటమా?”

“నేనలా అన్నానా?”

“అనబోయారు. ఇవాళ ఒక్క పని చెయ్యండి బాబాయిగారూ. బాగుచేశాక వెళ్లిపోకండి. నా పక్కన నిలబడండి. నా లాగిన్‌తో తెరిచి చూపిస్తాను.”

ఆయన ఎప్పటిలాగే పదమూడును నాలుగు చేసి, తన అకౌంటు మూసేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె తన పాస్‌వర్డ్ కొట్టింది, చెయ్యి అడ్డుపెట్టుకోలేదు. సెట్టింగుల పేజీ తెరిచింది. పదమూడు. బూడిదరంగు బాణం.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. పదమూడు పదమూడుగానే ఉంది. వంగి చూశాడు, మౌసు తీసుకుని బాణం మీద తనే నొక్కాడు. చేతుల టీచరు రెండో కుర్చీలోంచి లేచి వచ్చి ఆయన భుజం మీదుగా తొంగిచూసింది.

“అంటే…” అన్నాడు.

“అంటే మీరు మారుస్తున్నది మీకు. నాకు కాదు” అంది కోతలమ్మ. “ఎవరి అకౌంటుకు వాళ్ల లెక్క. నాలుగుసార్లు వచ్చి మీ కంచంలో మీరే వడ్డించుకుని, నా కడుపు నిండిందని కాగితం రాసి వెళ్లారు.”

తాళాల బాబాయి మౌసు వదిలేశాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో బాగుచేసిన కంప్యూటర్లన్నీ ఆయన కళ్లముందు తిరుగుతున్నట్టుంది. అన్నాడు: “వైద్యుడు మందు మింగితే రోగికి తగ్గుతుందా? నేను మింగి చూస్తే సరిపోతుందనుకున్నాను.”

చేతుల టీచరు తన ఫోన్లో ఏదో కొట్టి ఆయన కళ్లజోడు ముందు పెట్టింది. ‘ఇప్పుడు తెలిసింది కదా. ఆవిడకు వడ్డించండి.’

“అదే కుదరదు తల్లీ. ఆవిడ అకౌంటుకు హక్కు ఇస్తేగాని ఈ బాణం కదలదు. హక్కు ఇవ్వాలంటే ఫారం. ఫారం మీద పెద్దమేడం సంతకం. అక్కణ్ణుంచి పై ఆఫీసు. తొమ్మిది పనిదినాలు.”

“శుక్రవారం మూడు రోజుల్లో ఉంది.”

“తెలుసు.”

ఫారం నింపారు. ‘హక్కు కోరడానికి కారణం’ అన్న గడి ఒక వరుస మాత్రమే ఉంది. కోతలమ్మ ‘పిల్లలకు పాఠం కనపడాలి’ అని రాసింది. తాళాల బాబాయి చదివి, “సాంకేతిక కారణం రాయాలమ్మాయ్” అన్నాడు. కొట్టేసి ‘మెమరీ’ అని రాసింది.

పెద్దమేడం సంతకం పెట్టింది. ఆవిడ సంతకాలు పెట్టడంలో ఏనాడూ లోటు చేయలేదు. “నీ కష్టం నాకు తెలియదా అమ్మా? నేను మాత్రం రాక్షసినా?” అంటూ ఫారం మీద సంస్థ ముద్ర కూడా తనే గుద్దింది. రెండు చేతులు, ఒక పుస్తకం. కొంచెం పక్కకు పడింది.

*

బుధవారం తొమ్మిదింటికి కోతలమ్మ తాళం తీసేసరికి తాళాల బాబాయి గది ముందు నిలబడి ఉన్నాడు, చంకలో పేపరు, చేతిలో క్యారేజీ.

“నా అకౌంటు నీకు అప్పజెప్పడానికి లేదు. నేను లేకుండా తెరిచి ఉంచడానికీ లేదు. అయితే నేను నీ పక్కన కూర్చోకూడదని ఎక్కడా రాయలేదు. రాత్రంతా ఆ ఉత్తర్వు చదివాను.”

ఆమె ఏమంటుంది? గోడవారగా ఉన్న స్టూలు తెచ్చి ఆయనకు వేసింది. ఆయన చెయ్యి అడ్డుపెట్టుకుని పాస్‌వర్డ్ కొట్టి, కుర్చీ ఆమెకు వదిలి, స్టూలు మీద కూర్చుని పదకేళి విప్పాడు.

ఆ రోజు గురించి ఆమె తరవాత చాలాసార్లు అనుకుంది. ఏడో పాఠం తొమ్మిదిన్నరకు మొదలుపెడితే పదిన్నరకల్లా అయిపోయింది. నాలుగో నిమిషం వచ్చినప్పుడు ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. మాస్టారి సుద్దముక్క లేచింది, మూలలో వేళ్లు కలిశాయి, దాటిపోయాయి. చేతుల టీచరు గాలిలో రెండు చేతులూ ఎత్తి వేళ్లన్నీ అల్లాడించింది. చప్పట్లట, వినపడని వాళ్లవి. తాళాల బాబాయి కూడా పేపరు ఒళ్లో పెట్టుకుని మొహమాటంగా వేళ్లు ఆడించాడు.

పని మళ్లీ పనిలా సాగింది. మాస్టారి మాటకూ టీచరు చేతులకూ అరక్షణం తేడా ఉంటే టీచరు కనిపెట్టి, బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టేది. కోతలమ్మ డబ్బాను ఒక గడి వెనక్కి జరిపేది. వినపడని మనిషి మాటను సరిచేస్తోంది, వినపడే మనిషి ఆవిడ వేలి దెబ్బను వింటోంది. ఇందులో వింతేమీ ఉన్నట్టు ఇద్దరికీ తోచలేదు. తాళాల బాబాయి బయటికి వెళ్లవలసి వచ్చినప్పుడల్లా నియమం ప్రకారం తెరకు తాళం వేసి వెళ్లి, పరుగున వచ్చి తీసేవాడు.

“ఈ వయసులో ఇన్నిసార్లు వెళ్లాలి అంటే మీ పాఠాలు ఆలస్యమవుతాయమ్మాయ్. నీళ్లు తాగడం మానేశాను” అన్నాడు మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ. కోతలమ్మ చేతులతో టీచరుకు ఆ మాట చెప్పబోయి సగంలో చిక్కుపడింది. టీచరుకు అర్థమై, తాళాల బాబాయికి ఆవిడ భాషలో ఉన్న పేరును చేసి చూపించింది: నడుము దగ్గర తాళంచెవి తిప్పడం. తరవాత అదే తాళంచెవిని పొట్ట దిగువన తిప్పింది. ఆయన ముఖం ఎర్రబడేలా నవ్వాడు.

సాయంత్రం నాలుగున్నరకు పన్నెండో పాఠం పూర్తయింది. ఒక్క రోజులో ఆరు. రేపు ఇంకో ఆరు. శుక్రవారం పొద్దున్నే పద్దెనిమిదీ సర్వరులో. టీచరు మెట్ల మీది పిల్లకు కబురు పంపింది, వేళ్లతో త్రిభుజం గీసి, బొటనవేలు పైకెత్తి.

అదే సమయంలో పెద్దమేడం తలుపు తోసుకుని వచ్చింది. పక్కన రెండో అంతస్తు గుమాస్తా. పొద్దుట్నుంచి రెండో అంతస్తు ప్రింటరు పనిచేయడం లేదట, తాళాలాయన కోసం మూడు అంతస్తులు గాలించారట. పెద్దమేడం స్టూలును చూసింది, ఒళ్లో ఉన్న పదకేళిని చూసింది, విప్పిన క్యారేజీని చూసింది.

“మీరిక్కడ…?” అంది, ఎంతో మెత్తగా.

“పక్కన కూర్చున్నానండి” అన్నాడు తాళాల బాబాయి. నిజమే చెప్పాడు.

*

గురువారం ఆయన రాలేదు. తొమ్మిదయింది, పదయింది. కోతలమ్మ తన అకౌంటుతోనే కంప్యూటరు తెరిచి, కనీసం నిన్నటి ఆరు పాఠాలూ సర్వరుకు పంపేద్దామని ఫోల్డర్లలో వెతికింది. లేవు. పేర్లు పెట్టి వెతికింది. ఏడు లేదు, ఎనిమిది లేదు. ఉన్నవి మొదటి ఆరు.

కుర్చీలో వెనక్కి వాలింది. నిన్న పాఠం పూర్తయినప్పుడల్లా ‘భద్రపరచు’ అని నొక్కింది. ఎక్కడ భద్రపరచాలో అది అడిగింది, చూపించిన చోటే పెట్టమంది. తన అకౌంటులో ఐదేళ్లుగా అది ఎప్పుడూ సరైన చోటే చూపించింది గనక చదవలేదు. నిన్న ఆమె కూర్చున్నది తన అకౌంటులో కాదు.

పదకొండింటికి తాళాల బాబాయి గుమ్మం దగ్గర కనిపించాడు. లోపలికి రాలేదు. మెడలో కార్డు లేదు, నడుముకు గుత్తి లేదు. ఆ చప్పుడు లేకుండా నడుస్తుంటే ఎవరో కొత్తమనిషిలా ఉన్నాడు.

“పెద్ద పాస్‌వర్డు ఒకే కంప్యూటరు మీద ఏడు గంటలు తెరిచి ఉందని పై ఆఫీసుకు తెలిసిపోయిందమ్మాయ్. యంత్రమే చెప్పేస్తుందట. మెమో ఇచ్చారు. విచారణ అయ్యేదాకా నా అకౌంటు మూసేశారు.”

“నిన్నటి పాఠాలు అందులోనే ఉన్నాయి బాబాయిగారూ.”

ఆయన తలుపు చట్రం పట్టుకున్నాడు. “నా దాంట్లోనా?”

“మీ దాంట్లోనే. నా తప్పే. చూసుకోలేదు.”

“నేనైనా చూడాల్సింది. పదకేళి చూశాను.”

“విచారణ ఎప్పుడు?”

“కమిటీ వెయ్యాలి. కమిటీ వెయ్యాలంటే ఫైలు కదలాలి. ఫైలు కదలాలంటే…”

“పాస్‌వర్డ్ కావాలంటారు.”

ఆయన నవ్వాడు, నవ్వినట్టు చేశాడు. “అప్పటిదాకా స్టోరులో కుర్చీలు లెక్కపెట్టమన్నారు. విరిగినవి వేరుగా, కుంటివి వేరుగా. నాలుగొందలు దాటింది.” గుమ్మం దగ్గరే కాసేపు నిలబడి, “ఆ పాఠాలు మాత్రం బాగా వచ్చాయమ్మాయ్” అని వెళ్లిపోయాడు.

కోతలమ్మ పెద్దమేడం గదికి వెళ్లింది. ఆవిడ కూర్చోమంది, నీళ్లు ఇప్పించింది, మొత్తం విన్నది. మధ్యలో రెండుసార్లు “అయ్యయ్యో” అంది. ఆ రెండూ మనస్ఫూర్తిగానే అంది.

“ఆయన అకౌంటు ఒక్క ఐదు నిమిషాలు తెరిపించండి మేడం. ఆరు పాఠాలు బయటికి తీసుకుంటాం. మీరే పక్కన నిలబడండి.”

“విచారణలో ఉన్నదాన్ని నేనెలా ముట్టుకోనమ్మా? నా మెడకు చుట్టుకోదూ?”

“పోనీ గడువు ఒక్క వారం…”

“నా చేతుల్లో ఉంటే ఇవ్వనా?” అంటూ ఆవిడ రెండు చేతులూ చూపించింది. నిజంగానే ఖాళీగా ఉన్నాయి. “అసలు ఇబ్బంది ఎక్కడ వస్తోంది? ఆ మూల డబ్బా దగ్గరేగా. అది లేకపోతే నడుస్తుందా?”

కోతలమ్మ లెక్కేసుకుంది. అబద్ధం చెప్పొచ్చు. లేకపోయినా నడవదని చెప్పొచ్చు. కానీ పద్దెనిమిది పాఠాలూ ఆగిపోతే వేలమంది పిల్లలకు పాఠం పోతుంది.

“నడుస్తుంది” అంది.

“మరింకేం! తీసేయండి.”

“అది తీసేస్తే ఆ పదకొండు మందికీ…”

“బోర్డు కనపడుతుందిగా? మాస్టారు రాస్తూనే ఉంటాడుగా? అసలు లేకపోవడం కన్నా అది నయం కాదూ? వచ్చే ఏడాది పెడదాంలే.” ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుంది. “ఇంకోటి. ఆరింటికి డబ్బా ఉండి పన్నెండింటికి లేకపోతే పైవాళ్లు ఇదేమిటంటారు. పద్దెనిమిదీ ఒకేలా ఉండనీ.”

“ఆ ఆరూ పూర్తయినవి మేడం. ఏ ఇబ్బందీ లేదు వాటితో.”

“అందుకే చెబుతున్నా. ఆరిచ్చి పన్నెండు ఇవ్వకపోతే ఆ పిల్లలు కూడా బాధపడతారు. అసలు ఇవ్వకపోతే అడగరు.”

*

శుక్రవారం కోతలమ్మ ఎనిమిదింటికే వచ్చింది. సాఫ్ట్‌వేరులో ప్రతి వీడియో పట్టీ పక్కనా చిన్న కన్ను బొమ్మ ఉంటుంది. కన్ను మీద నొక్కితే అది మూసుకుంటుంది, ఆ పట్టీ తెర మీద కనపడదు. చెరిపేయడం కాదు, దాచడమే. ఆమె ఏడో పాఠం తెరిచి టీచరు పట్టీ పక్కన కన్ను మూసింది. తీసెయ్యలేదు, దాచానంతే, అనుకుంది. యంత్రానికి ఆ తేడాతో పనిలేదు. నాలుగో నిమిషం వచ్చింది, మాస్టారు త్రిభుజం గీశాడు, చుట్టం రాలేదు. గుర్రంలా పరుగెత్తింది.

మధ్యాహ్నానికి పన్నెండూ అయిపోయాయి. తరవాత పూర్తయిన ఆరింటినీ ఒక్కొక్కటిగా తెరిచి, ఒక్కొక్క కన్నూ మూసింది.

చేతుల టీచరు మూడింటికి వచ్చింది. ఆవిడకు ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే సందేశం పంపుదామని కోతలమ్మ నాలుగుసార్లు మొదలుపెట్టి చెరిపేసింది. టీచరు తలుపు దగ్గర ఆగి తెరను చూసింది. ఏడో పాఠం, ఆఖరి తనిఖీ కోసం నడుస్తోంది. మాస్టారు బోర్డుకు ఎడమవైపు ఒదిగి, ఎర్ర టేపు దాటకుండా, ఇరుగ్గా రాసుకుపోతున్నాడు. కుడివైపు కింది మూల ఖాళీగా ఉంది.

టీచరు వచ్చి తన కుర్చీలో కూర్చుంది. కోతలమ్మ నోరు తెరిచింది. పెదవులు స్పష్టంగా కదపాలి. కదలలేదు. చేతులు ఎత్తింది, ఈ సంగతి చెప్పడానికి అవసరమైన మాటలేవీ ఆమె నేర్చుకోలేదు.

టీచరు ఆమె వైపు చూడలేదు. తెర వైపే చూస్తోంది. మాస్టారు సుద్దముక్క ఎత్తగానే, టీచరు ముందుకు వంగి, తన రెండు చేతులూ తెర మీద, ఆ ఖాళీ మూల ముందు పెట్టింది. రెండు చూపుడువేళ్లూ దగ్గరకు తెచ్చింది. మాస్టారి పెదవులు చూస్తూ, ఆయనతో పాటే, అరక్షణం కూడా తేడా లేకుండా త్రిభుజం గీసింది. ఒక కోణం, రెండో కోణం, మూడోది. తెర వెలుగు ఆవిడ వేళ్ల సందుల్లోంచి వస్తోంది. పాఠం చివరిదాకా అలాగే చెప్పింది. ఆ గదిలో ఆ పాఠం అవసరమైన వాళ్లెవరూ లేరు.

పెద్దమేడం మూడున్నరకు వచ్చి టీచరు భుజం తట్టింది, కోతలమ్మను మెచ్చుకుంది, పద్దెనిమిదీ వరసగా తెరిపించి చూసింది.

“బాగున్నాయి. చాలా బాగున్నాయి. కానీ ఈ మూలేమిటి, బోసిగా? మాస్టారు ఇటువైపు రాడేం?”

ఆవిడ తెరకు దగ్గరగా వంగింది.

“ఏదో మర్చిపోయినట్టుంది చూస్తుంటే. మన గుర్తు పెట్టేయండి అక్కడ. బొమ్మేగా, బరువుండదుగా?”

“ఉండదు” అంది కోతలమ్మ.

నిజంగానే బరువు లేదు. పద్దెనిమిది పాఠాల్లోనూ పది నిమిషాల్లో కూర్చుంది, మాస్టారు మోచెయ్యి లాక్కుని లాక్కుని కాపాడిన చోట, కొలిచి పెట్టినట్టు. తెరిచిన పుస్తకం, దాన్ని పట్టుకున్న రెండు చేతులు.

నాలుగుకు ఏడు నిమిషాల ముందు పాఠాలు సర్వరుకు వెళ్లడం మొదలైంది. తెర అడుగున ఆకుపచ్చ గీత పాకుతోంది. పక్కనే ఒక ఉత్తరం వచ్చి పడింది: ‘మీ నాలుగో ఫిర్యాదు పరిష్కరించబడింది.’ బల్ల మీద టీచరు ఫోను వెలిగింది. ఎవరింటి మెట్లో, ఒక పిల్ల, గాలిలో త్రిభుజం. టీచరు ఫోనును బోర్లా పెట్టింది.

గీత చివరిదాకా వెళ్లింది. బూడిదరంగు పలక మర్యాదగా వచ్చి నిలబడింది. ‘పని పూర్తయింది.’ దాని కింద ఒకే ఒక్క బొత్తం.

కోతలమ్మ చెయ్యి మౌసు మీదే ఉంది. నొక్కలేదు. గడియారంలో నాలుగవడానికి ఇంకో నిమిషం ఉంది. పెద్దమేడం గుమ్మంలోంచి “అయిందా?” అంది.

చేతుల టీచరు ఆమె చేతిని మౌసు మీంచి మెల్లగా తీసి ఒళ్లో పెట్టింది. తరవాత తనే ముందుకు వంగి ‘సరే’ నొక్కింది.